వద్దు, కాదు, లేదు

"మాట పడిపోయింది" అంటాం మనం. పక్షవాతం వచ్చిన డెబ్భై ఏళ్ళ తాతగారికైనా అదే మాట, నీళ్ళలో మునిగి బతికి బయటపడ్డ నాలుగేళ్ళ పిల్లాడికైనా అదే మాట. ఈ వాడుకతో నాకు పెద్ద పేచీ ఉంది. పడిపోయింది అని తేల్చేశాక ఇంక చూసేదేముంది, లేచేదాకా ఎదురుచూడ్డమే కదా! ఏది పడిపోయింది, ఏది నిలబడే ఉంది అని విడదీసి చూసే పని అక్కడితో ఆగిపోతుంది.

ఎవరి సంగతో కాదు, మా ఇంటి సంగతే. మా అక్క కొడుక్కి అప్పుడు నాలుగేళ్ళు. రెండేళ్ళ కిందట వేసవిలో ఓ ఆదివారం, హైదరాబాదులో వాళ్ళు అద్దెకుండే ఇంటికి నీళ్ళ టాంకరొచ్చింది. టాంకరు వెళ్ళిపోయింది, సంపు మూత మాత్రం తెరిచే ఉంది. వాడెంతసేపు నీళ్ళలో ఉన్నాడన్నది ఎవరికీ సరిగ్గా తెలీదు. ఐదు నిమిషాలుంటుందని బావ అంటాడు, అంత ఉండదని అక్క అంటుంది. ఆ లెక్క ఇప్పటికీ తేలలేదు. తేల్చుకోవాలని కూడా ఇప్పుడెవరికీ లేదు.

మూడు వారాలు ఐసీయూలో ఉండి బతికొచ్చాడు. అంతకు ముందు వాడు మహా వాగుడుకాయ. ఇంటికెవరొచ్చినా "నీ బండి ఏ కంపెనీ?" అని మొదలెట్టి మైలేజీ దాకా అడిగేవాడు. ఇంటికి తెచ్చాక ఒక్క మాట లేదు. ఆసుపత్రివాళ్ళిచ్చిన కాగితాల్లో ఫిట్స్ మందులున్నాయి, ఫిజియోథెరపీ ఉంది. మాట గురించి మాత్రం "టైమివ్వండి, చిన్నపిల్లాడు కదా, వచ్చేస్తుంది" అని నోటిమాటగా చెప్పి పంపేశారు. స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపాలని అంత పెద్ద ఆసుపత్రిలో ఒక్కరికీ తోచలేదు.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, ఏది పాడైనా మొదట రూట్ కాజ్ అడుగుతాం. నేనూ అదే చేశాను. దొరికిందల్లా చదివాను, దొరికిన డాక్టరునల్లా విసిగించాను. నాకర్థమైనంతలో సంగతిది.

మెదడు బరువు మన ఒంటి బరువులో 2 శాతమే. కానీ ఒళ్ళు వాడుకునే ఆక్సిజన్‌లో 20 శాతం దానికే కావాలి. చిన్నపిల్లల్లో ఆ వాటా ఇంకా ఎక్కువ. పోనీ కాస్త దాచిపెట్టుకుంటుందా అంటే అదీ లేదు, యూపీఎస్ లేని సర్వర్ లాంటిది. సరఫరా ఆగితే సెకన్లలో స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే కణాలు చావడం మొదలవుతుంది. అన్నిటికన్నా ఘోరం, ఊపిరి తిరిగి అందాక కూడా ఆ చావు వెంటనే ఆగదు, గంటలూ రోజులూ నడుస్తుంది. పైగా అన్ని చోట్లా ఒకేలా ఉండదు. ఎక్కువ పని చేసే చోట్లు ముందు పోతాయి. రోజువారీ జ్ఞాపకాల్ని దాచే హిప్పోకాంపస్, కదలికల్ని అదుపులో ఉంచే బేసల్ గాంగ్లియా, కదలికలకి తూకం తెచ్చే చిన్నమెదడు, ఇలాంటివి.

ఇక్కడ ఒక్క ముక్క పక్కదారి. మావాణ్ణి బయటికి తీశాక పక్కింటాయన తలకిందులుగా పట్టుకుని పొట్ట నొక్కి నీళ్ళు కక్కించబోయాడు. ఆయన మంచి మనసుతోనే చేశాడు, సినిమాల్లో మనం చూసిందీ అదే. కానీ అది చెయ్యకూడని పని. విలువైన నిమిషాలు పోతాయి, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మునిగిన పిల్లాడికి ఊపిరి ఆగిపోతే కావల్సింది గాలి. 108కి ఒకరు ఫోన్ చేస్తుంటే ఇంకొకరు నోట్లోకి ఊపిరి ఊదాలి, దాంతోపాటు ఛాతీ నొక్కాలి. మన ఆఫీసుల్లో ఏడాదికోసారి పెట్టే ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగుని మీటింగుందని ఎగ్గొట్టేవాళ్ళకి ఇది నా మనవి.

సరే, మాట సంగతికొద్దాం. మాట్లాడ్డం ఒక పని కాదు, మూడు పనులు. ఎదుటివాడన్నది అర్థం చేసుకోవడం ఒకటి. మనసులో ఉన్నదానికి పదాలు వెతికి వాక్యంగా కట్టడం రెండు. దాన్ని నోటితో పలకడం మూడు. ఏది పోయినా బయటికి కనబడేది ఒక్కటే, నిశ్శబ్దం. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు ఒక రోగి గురించి రాశాడు. ఆయనకి చెప్పింది చాలావరకూ అర్థమయ్యేది, నోట్లోంచి మాత్రం "టాన్" అన్న ఒక్క ముక్కే వచ్చేది. మూడూ వేరువేరని వైద్యానికి తెలిసి ఇన్నేళ్ళయింది. మన నుడికారానికి ఇంకా తెలీదు.

ఈ మూడోది, అంటే పలకడం, మనం అనుకునేంత తేలిక కాదు. పెదాలు, నాలుక, అంగిలి, దవడ, గొంతు, ఊపిరి అన్నీ సెకనులో చిన్న వంతు తేడా రాకుండా కలిసి పని చెయ్యాలి. బేసల్ గాంగ్లియా దెబ్బతింటే నాలుకకి బలం ఉన్నా అదుపుండదు. మింగడానికి కూడా చాలావరకూ ఆ కండరాలే. అందుకే మావాడికి మొదటి నాలుగు నెలలూ ముక్కులో గొట్టంతోనే తిండి. మింగడమే రాని పిల్లాడి ముందు కూచుని "అమ్మా అను నాన్నా, అమ్మా అను" అని బతిమాలితే వాడు మాత్రం ఏం చేస్తాడు?

దీనికి సరిగ్గా తలకిందుల కథ కూడా ఉంది. పుట్టినప్పుడో బాల్యంలోనో హిప్పోకాంపస్ దెబ్బతిన్న ముగ్గురి గురించి లండన్ పరిశోధకులు 1997లో 'సైన్స్' పత్రికలో రాశారు. పొద్దున ఏం జరిగిందో సాయంత్రానికి గుర్తుండదు. కానీ మాట్లాడతారు, చదువుతారు, మామూలు బడికి వెళ్ళి పాఠాలు నేర్చుకున్నారు. చూసేవాళ్ళకి వాళ్ళలో లోపమే కనబడదు. మాట ఉన్నవాడిలో కనబడని దెబ్బ ఉండొచ్చు, మాట లేనివాడిలో కనబడని తెలివి ఉండొచ్చు. నోరు చూసి లోపలేముందో చెప్పడం కుదరదు.

ఇంట్లో కష్టమొస్తే బంధువులు రెండు రకాలు. ఫార్వార్డులు పంపేవాళ్ళు, మందులు చెప్పేవాళ్ళు. ఫార్వార్డుల్లో మాకు పదేపదే వచ్చినవి రెండు. ఒకటి, గంటకు పైగా నీళ్ళలో మునిగి కోలుకున్న పాప కథ. అది నిజమే. 1986లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో రెండున్నరేళ్ళ పాప 66 నిమిషాలు మునిగి బతికింది, బాగా కోలుకుంది. ఐతే అది మంచు కరిగిన వాగు. ఒళ్ళు వేగంగా చల్లబడితే మెదడుకి ఆక్సిజన్ అవసరం తగ్గిపోతుంది. మే నెలలో హైదరాబాదు సంపులో నీళ్ళు అలా ఉండవు. పోనీ తరవాత ఆసుపత్రిలో చల్లబరిస్తే? గుండె ఆగి మళ్ళీ కొట్టుకున్న పిల్లల మీద అమెరికా, కెనడాల్లో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. చెప్పుకోదగ్గ లాభం తేలలేదు.

రెండోది, మూర్ఛ తగ్గడానికి సగం మెదడు తీసేసినా మాట్లాడుతున్న పిల్లల కథ. అదీ నిజమే. చిన్నప్పుడు ఒక పక్క పోతే రెండో పక్క మాట బాధ్యత తీసుకోగలదు. కానీ ఊపిరందకపోతే దెబ్బ సాధారణంగా రెండు పక్కలా పడుతుంది. ఒక సర్వర్ పోతే లోడు రెండోదానికి మళ్ళుతుంది, డేటా సెంటరు మొత్తానికే కరెంటు పోతే దేనికి మళ్ళాలి? "చిన్నపిల్లల మెదడు కదా, సర్దుకుంటుంది" అనే మాట పూర్తిగా అబద్ధం కాదు, అందరికీ వర్తించే నిజమూ కాదు.

ఇక మందులు. మన దగ్గర మాటలకి మందంటే వస. వాగుడుకాయ పిల్లల్ని చూసి "వస పోశారా ఏంటి?" అంటాం కదా. ముగ్గురు వేరువేరుగా చెప్పారు, వస కొమ్ము తేనెలో అరగదీసి నాకించమని. మింగడం సరిగ్గా రాని పిల్లాడి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావొచ్చు. పెద్దవాళ్ళ మాట కాదనలేక అక్క ఆ కొమ్ములు పుచ్చుకుని బీరువాలో దాచింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఏడో నెలలో ఒక స్పీచ్ థెరపిస్టు దగ్గరికి చేరాం. ఆవిడ "అమ్మా అను" అనలేదు. ముందు వినికిడి పరీక్ష చేయించమంది. తరవాత చూపు. ఊపిరందని పిల్లల్లో కళ్ళు బావున్నా మెదడులో చూపు భాగం దెబ్బతిని ఉండొచ్చట. అలాంటప్పుడు రంగురంగుల బొమ్మలు ఇరవై ఒకేసారి పెడితే వాళ్ళకి గజిబిజిగా కనిపిస్తుంది, మనమేమో పిల్లాడికి బుద్ధి లేదనుకుంటాం. రెండూ చూశాక ఒక చేతిలో బొమ్మ బండి, ఇంకో చేతిలో చెంచా పట్టుకుని "బండేది?" అనడిగింది. అడిగి ఊరుకుంది. నాకు ఆ ఊరుకోవడం చాలాసేపనిపించింది. వాడి కళ్ళు మెల్లగా బండి మీదకెళ్ళాయి. చేతులు మార్చి మార్చి ఐదుసార్లు అడిగింది. ఐదుకి ఐదు.

అప్పుడావిడ అన్నది నాకు గుర్తున్నంతలో ఇదీ: "మాట వస్తుందో రాదో నేనిప్పుడే చెప్పలేను. దానికోసం కసరత్తులు చేద్దాం. ఐతే అది వచ్చేదాకా వీడికి ఏదన్నా కావాలంటే ఎలా అడగాలి? ఇష్టం లేకపోతే ఎలా చెప్పాలి?"

ఏడు నెలల్లో ఈ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆవిడే. మాట కోసం ఆశపడొద్దని నేననడంలేదు, మేమూ పడుతున్నాం. కానీ మాట కోసం ఎదురుచూసే కాలమంతా పిల్లాణ్ణి ఏ సాధనమూ లేకుండా ఉంచడం ఏం న్యాయం? నడక వచ్చేదాకా చక్రాల కుర్చీ ఇవ్వం, మంచం మీదే ఉండు అని ఎవరమైనా అంటామా?

ఆవిడిచ్చింది అట్ట మీద తొమ్మిది గళ్ళ బొమ్మల పటం. ఎడమ చేతి పిడికిలితో వాడు గడిని తాకగలడు. పటం ఇంగ్లీషుది: ఐ, వాంట్, ఎస్, నో, మోర్, వాటర్.. ఇలా. దీన్ని తెలుగులో పెట్టడమెంత, ఒక గంట పని అనుకుని కూచున్నాను. ఇరవయ్యేళ్ళుగా లోకలైజేషన్ టికెట్లు చూస్తున్నవాణ్ణి కదా. మాటకి మాట పెడితే 'నో' దగ్గరే బండి ఆగింది.

తెలుగులో 'నో' అనే మాట లేదండీ! "అన్నం తింటావా?" అంటే వద్దు. "ఇది నీదేనా?" అంటే కాదు. "నొప్పుందా?" అంటే లేదు. మూడూ మూడు వేరే సంగతులు. ఇంగ్లీషు పిల్లాడికి ఒక్క గడి చాలు, మన పిల్లాడికి మూడు కావాలి. "కడుపునొప్పా?" అనడిగితే "వద్దు" అని పలికే యంత్రాన్ని ఆ పిల్లాడేం చేసుకుంటాడు?

తరవాత 'ఐ'. నేను అని పెట్టాననుకోండి. నేను, కావాలి, నీళ్ళు అని వరసగా మూడు గళ్ళు తాకితే వచ్చేది "నేను కావాలి నీళ్ళు". ఇది తెలుగు కాదు. మనకి ఆకలేసినా, చలేసినా, నొప్పి పుట్టినా, ఇష్టమైనా, కావాలన్నా అన్నీ 'నాకు'తోనే. మంచం మీదున్న పిల్లాడు మొదట చెప్పుకోవాల్సినవన్నీ అవే. నేను వెళ్తాను, నేను తింటాను అనే 'నేను' తరవాత తీరిగ్గా రావొచ్చు. మొదటి గడిలో 'నాకు' పెట్టాను. క్రియ చివరికి జరిగింది. తొమ్మిది గళ్ళు పన్నెండయ్యాయి. చూపుకి భారం కాకుండా వాటిని మళ్ళీ రెండు పేజీలు చేశాం. గంట పని అనుకున్నది మూడు వారాలు పట్టింది.

మా అమ్మకి ఇదంతా నచ్చలేదు. "బొమ్మలకి అలవాటు పడితే ఇంక నోరు విప్పడేమోరా" అంది. ఈ భయం మా అమ్మొక్కదానిదే కాదు, చాలామంది తల్లిదండ్రులదీ, కొందరు డాక్టర్లదీ కూడా. దీని మీద 2006లో ఒక సమీక్ష వచ్చింది. పుట్టుకతో ఎదుగుదల ఇబ్బందులున్నవాళ్ళకి ఇలాంటి పటాలూ, సైగలూ నేర్పిన పాత అధ్యయనాల్లోంచి గట్టి ఆధారమున్న 27 మందిని తీసి చూశారు. 89 శాతం మందిలో నోటి మాట ఎంతో కొంత పెరిగింది, 11 శాతం మందిలో మార్పు లేదు. తగ్గినవాళ్ళు ఒక్కరూ లేరు. వీళ్ళు మావాడిలాగా ఉన్న మాట పోగొట్టుకున్నవాళ్ళు కారు, కాబట్టి అదే లెక్క మాకూ వర్తిస్తుందని నేననను. కానీ పటం వల్ల నోరు మూతపడుతుందన్న భయానికి మాత్రం అక్కడ ఆధారం దొరకలేదు.

అమ్మ భయం పోగొట్టింది ఆ సమీక్ష కాదు లెండి. పటం మొదలెట్టిన నెలకి, అంటే ప్రమాదం జరిగిన తొమ్మిదో నెల్లో, అమ్మ వాడికి మెత్తగా కలిపిన పెరుగన్నం తినిపిస్తోంది. నాలుగో ముద్దకి వాడి పిడికిలి పటం మీద 'వద్దు' దగ్గరికెళ్ళింది. "ఇంకొక్కటి, మా నాన్న కదూ" అంది అమ్మ. పిడికిలి మళ్ళీ అక్కడే. అమ్మ గిన్నె పక్కన పెట్టేసింది. తొమ్మిది నెలల్లో వాడు గెలిచిన మొదటి వాదన అది. ఆ రోజునుంచీ పటం కనబడకపోతే వెతికేది అమ్మే.

ఊపిరందక నోరు పనిచెయ్యనివాళ్ళు సాధనం దొరికితే ఏం చేశారో రెండు ఉదాహరణలు చెప్తాను. ఐర్లండ్‌లో 1965లో పుట్టిన క్రిస్టఫర్ నోలన్ (సినిమాల ఆయన కాదు) పుట్టేటప్పుడు ఆక్సిజన్ అందక జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు. నుదుటికి కట్టిన పుల్లతో ఒక్కో అక్షరమే టైప్ చేసి పదిహేనేళ్ళకి పుస్తకం తెచ్చాడు, 1987లో విట్‌బ్రెడ్ బుక్ ఆఫ్ ది ఇయర్ గెలిచాడు. 2009లో చనిపోయాడు. మన దేశంలో మాలినీ చిబ్. పేగు మెడకి చుట్టుకుని 1966లో పుట్టారు. ఒక్క వేలితో టైప్ చేసి 'వన్ లిటిల్ ఫింగర్' అనే ఆత్మకథ రాశారు. ఆవిడ తల్లి మిఠూ ఆలూర్ ఇలాంటి పిల్లల చదువు కోసం 1972లో బొంబాయిలో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియా స్థాపించారు. ప్రతి పిల్లాడూ రచయితైపోతాడని కాదు. మావాడికి రోజువారీ జ్ఞాపకం కూడా కొంత దెబ్బతింది, అంత పెద్ద ఆశలు మాకు లేవు. వాళ్ళిద్దరిలోనూ ఏముందో సాధనం ఇచ్చాకే బయటపడింది, ఇవ్వకముందు ఎవరికీ తెలీదు. నేను చెప్పేది అంతే.

బడి విషయానికొస్తే కథ మామూలే. ప్రమాదానికి ముందు సీటిచ్చిన బడి "మాటలొచ్చాక తీసుకురండి" అంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మాత్రం ఇంకోలా చెప్తోంది. సొంత మాటకి తోడుగా ఇలాంటి ప్రత్యామ్నాయ పద్ధతుల వాడకాన్ని బళ్ళలో ప్రోత్సహించాలని అందులో స్పష్టంగా ఉంది. బావ ఆ పేజీ ప్రింటు తీసి ఇంకో బడికి తీసుకెళ్ళాడు. అక్కడ రోజుకి రెండు గంటలు కూచోనిస్తున్నారు. ఆ బడి పిల్లలు మావాడి పటాన్ని రెండు రోజుల్లో నేర్చేసుకున్నారు, టీచర్లకి నెల పట్టింది.

ఎవరికైనా పనికొస్తుందని ఇంకొన్ని వివరాలు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ (ఇప్పుడు నీపిడ్ అంటున్నారు), మైసూరులో 1965 నుంచీ ఉన్న ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్, చాలా జిల్లాల్లో ప్రభుత్వాసుపత్రులకి అనుబంధంగా ఉన్న డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లు ఇవన్నీ ప్రభుత్వానివే. టాబ్లెట్లో వాడే వాటిల్లో చెన్నైలో తయారైన ఆవాజ్, ఐఐటీ బొంబాయిలో పుట్టిన జెల్లో ఉన్నాయి. కానీ మొదలెట్టడానికి టాబ్లెట్ అక్కర్లేదు. అట్ట ముక్క, జిగురు, నాలుగు బొమ్మలు చాలు. ఛార్జింగు పెట్టాల్సిన పని కూడా లేదు.

మన వృత్తివాళ్ళకి ఇక్కడ చెయ్యగల పనుంది. తెలుగు పిల్లల మాట వరసకి, తెలుగు విభక్తులకి, తెలుగు 'కాదు'లకి తగ్గట్టు గళ్ళు ఎలా పేర్చాలో తెలుగు తెలిసినవాళ్ళే ఆలోచించాలి. పలికే గొంతు చూడండి, న్యూసు చదివే పెద్దాయనలా కాకుండా పిల్లాడిలా ఉండాలి. "నాకు నిద్రొస్తోంది" అనాలి గానీ "నాకు నిద్ర వచ్చుచున్నది" అనకూడదు. వీకెండ్ ప్రాజెక్టుకి ఐడియా లేదని బాధపడే కుర్రాళ్ళు ఒక థెరపిస్టు పక్కన ఒక్క శనివారం కూచుని చూడండి.

మావాడికిప్పుడు ఆరేళ్ళు. పటంలో నలభై దాకా మాటలున్నాయి, పేజీలు పెరిగాయి. నోటితో "మ్మ" అనీ "బ" అనీ రెండు శబ్దాలొస్తున్నాయి. "బ" అంటే బండి అని మేమనుకుంటున్నాం, వాడింకా ఖాయం చెయ్యలేదు. కసరత్తులు నడుస్తున్నాయి.

ఇలాంటి పిల్లాడెవరైనా మీకు ఎదురుపడితే ఒక్క సాయం చెయ్యండి. వాడి తల మీదుగా వాళ్ళమ్మని "అర్థమవుతుందా వీడికి?" అని అడక్కండి. వాణ్ణే అడగండి, అడిగి ఓ పది సెకన్లు ఆగండి. మన కాన్ఫరెన్స్ కాల్స్‌లో మ్యూట్‌లో ఉన్నవాడి కోసం రోజూ అంతకన్నా ఎక్కువే ఆగుతున్నాం. వాడు కాల్‌లో లేడని మాత్రం ఎవరం అనుకోం కదా.